పట్టుగూళ్ల మూట

కెలమంగలం దగ్గరి పల్లె. బస్టాపులో పట్టుగూళ్ల మూటతో నిలుచున్న ముసలామెను చూసి, మేకలు తోలుకెళ్తున్న ఒకాయన ఆగాడు.

"బస్సు రాదమ్మా. నిన్నటితో నిలిపేసినారు."

"ఎందుకప్పా?"

"ఊళ్లో జనమే లేరంట. జనాభా లెక్కలో నలభై మందే తేలినారు."

"అదెట్లా? మా ఇంట్లోనే ఏడుమంది ఉండాము!"

"లెక్క రాసేవాళ్లకు ఎంతమందని చెప్పినావు?"

"ఒక్కదాన్నే అని చెప్పినాను. కొడుకులుండారంటే పింఛను ఆపేస్తారని భయమప్పా."

"మా అమ్మ గూడా అట్లే చెప్పింది. ఊరంతా అదే చెప్పినారు."

"మళ్లా రాయమని అడుగుదాం."

"ఇంక పదేండ్లకు గాని రారమ్మా."

"ఈ గూళ్లు ఈ పొద్దే మార్కెట్టుకు చేరాలప్పా. పురుగు తొలుచుకొని బయటికొస్తే ఎవురూ కొనరు."

"మూట కదులుతా ఉండాదే..."

"రెక్కలొచ్చేసినాయప్పా."