మేబెల్ ఎక్కిన కొండ

"కొండ ఎక్కదని ఎవరన్నారు?" అన్నాడు డెంజిల్ ట్రెంబాత్, టీ కప్పు మోకాలి మీద నిలబెట్టుకుని. "నువ్వేనా జోరీ? నీకప్పటికి పాలపళ్ళన్నా ఊడలేదు కదరా, నీకేం తెలుసు మా మేబెల్ సంగతి?"

మేబెల్ అంటే మనిషి కాదు, డెంజిల్ వాళ్ళ వ్యాను. పైన మీగడ రంగు, కింద పచ్చరంగు. లోపల మడతమంచం, గ్యాసు పొయ్యి, గిన్నెల అర, ఎత్తితే గుడారంలా లేచే కప్పు. వయసులో డెంజిల్ కంటే పదిహేనేళ్ళు చిన్నదంతే. ఇలాంటి ముసలి వ్యాన్లున్న మేమందరం ఏటా జూన్ నెలలో పోర్త్‌వెన్నా ఊరి పైన, సముద్రం కనబడే పచ్చిక బయల్లో చేరతాం. ఇంగ్లండు కొసన ఉన్న మా కార్న్‌వాల్ వాన సంగతి చెప్పేదేముంది, ఆ ఏడు ఒకరోజు పొద్దున్నుంచీ తెరిపివ్వలేదు. అందుకని అందరం మేబెల్ పక్కన కట్టిన పందిరిగుడ్డ కింద కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం.

ఆ రోజు మా మధ్య కొత్త మనిషి ఒకడున్నాడు. హ్యూగో అట, బ్రిస్టల్ నుంచి వచ్చాడు. మేబెల్‌ని కొని, పక్క రేకు కోయించి, రేవు దగ్గర కాఫీ కొట్టు పెడతానంటాడు. వెంటబెట్టుకొచ్చింది జోరీ, డెంజిల్ భార్య లవ్‌డేకి తమ్ముడు. జోరీది తెల్లటి కొత్త బండి, అందులో టీవీ ఉంది, స్నానాలగది ఉంది. "అక్కా, బావకి మోకాళ్ళు పోయాయి, నీకు నడుం పోయింది, బండికి అన్నీ పోయాయి. ఇచ్చెయ్యండి, నా బండిలో తిరుగుదురుగాని" అని వారం నుంచి పోరుతున్నాడు.

మేబెల్ లవ్‌డే పేరు మీద ఉంది, వాళ్ళ మేనత్త పోతూ పోతూ ఆవిడకిచ్చింది. అమ్ముతావా అంటే లవ్‌డే ఔననలేదు, కాదనలేదు. "టీ అయ్యాక చెబుతాలే" అని వ్యాన్లోకెళ్ళి గుడ్లు వేయిస్తూ కూచుంది. ఆ కాదనకపోవడమే డెంజిల్‌కి ముల్లులా గుచ్చుకుంది. అందుకే మాకు చెబుతున్నట్టే ఉన్నా, గొంతు మాత్రం వ్యాన్లోకి వినబడేంత పెంచాడు.

"మా పెళ్ళైన కొత్త. ఏప్రిల్ నెల. స్పెయిన్ చూసొద్దామని నేనూ లవ్‌డే మేబెల్‌లో బయల్దేరాం. ఊరి బయట కొండ లేదూ, పొద్దున మీరందరూ ఎక్కొచ్చిందే, అదే కొండ. అప్పట్లో ఇంకా నిటారుగా ఉండేది, ఈ మధ్య అరిగిపోయింది. మొదటి గేరులో మేబెల్ ఎక్కనని మొండికేసింది. సరే తల్లీ, నీ ఇష్టం అని తిప్పేసి వెనక గేరులో ఎక్కించాను. ఇందులో గొప్పేం లేదు, ఆ రోజుల్లో చాలామంది అట్లాగే ఎక్కేవాళ్ళు. కాకపోతే లోపల లవ్‌డే టీ కాస్తోంది. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు."

"ఒక్క చుక్క కూడానా?" అంది పక్క వ్యాను కెరెన్సా. డెంజిల్ ఏం చెప్పినా కళ్ళింత చేసుకుని వినే మనిషి ఆవిడ.

"ఒకటి ఒలికింది, అబద్ధమెందుకు. అదీ చక్కెర కలుపుతుంటే."

జోరీ నవ్వాడు. "కొండెక్కారు. బాగుంది. ఇంతకీ స్పెయిన్ ఎక్కడ, మన కొండెక్కడ?"

"వస్తున్నా అందగాడా, తొందరెందుకు. ప్లిమత్ రేవుకి వెళ్ళాం, ఓడ ఎక్కాలి కదా. అక్కడ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు మేబెల్ చుట్టూ తిరిగి, బూటుతో చక్రాన్ని తన్నాడు. తన్ని ఏమన్నాడో తెలుసా? 'ఈ డొక్కు నా ఓడ ఎక్కదు, ఇంటికి పో' అన్నాడు. నేను ఇంటికి పోయే రకమా? 'నీ ఓడ నువ్వే ఎక్కు' అన్నా. పడవల్ని నీళ్ళలోకి దింపే జారుడు రాళ్ళబాట ఉంటుంది చూడండి, దాని మీంచి మేబెల్‌ని తిన్నగా సముద్రంలోకి వదిలాను."

"మునగలేదూ?" అన్నాడు హ్యూగో. పాపం, కొత్తవాడు.

"మునగడానికి అదేమన్నా జోరీ బండా, టీవీ బరువుకి మునగడానికి? మా మేబెల్ అడుగు పళ్ళెంలా చదునుగా ఉంటుంది. బాతులా తేలింది. నేను పై కప్పు ఎత్తాను, గుడ్డలోకి గాలి పట్టింది, ఇంకేముంది, తెరచాప. లవ్‌డే వెనక తలుపులో కూచుని పెనంతో తెడ్డు వేసింది."

"ఆ కప్పు గుడ్డకి అన్నీ చిల్లులే కదా బావా. రాత్రి వానకి పరుపంతా తడిసిందని నువ్వే అన్నావు."

"చిల్లులు ఉండబట్టే బతికాం. అవి లేకపోతే ఆ గాలికి బోర్లాపడేవాళ్ళం. అయినా మధ్యలో ఆపకు. సగం సముద్రం దాటామో లేదో, మాకరెల్ చేపల మంద ఒకటి ఎదురొచ్చింది. లవ్‌డే పెనం పైకెత్తినప్పుడల్లా అందులో రెండేసి చేపలు గెంతేవి. ఇక తెడ్డు ఎవరు వేస్తారు? పొయ్యి వెలిగించి వేయించడమే సరిపోయింది. మేం తింటూ వెళ్తుంటే ముందు ఆ ఓడ కనబడింది, మమ్మల్ని ఎక్కించుకోనన్న ఓడే. ఇంజిను ఆగిపోయి నడిసముద్రంలో నిలబడి ఉంది. జనం రెయిలింగు పట్టుకుని ఏడుపు మొహాలు పెట్టారు."

"అయ్యయ్యో, తర్వాత?" అంది కెరెన్సా.

"టోపీ పెద్దమనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని, 'అయ్యా, కాస్త చెయ్యేస్తారా' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'డొక్కు బండండీ, మీ ఓడని లాగలేదేమో' అన్నా. ఆ ఒక్కమాటా అని ఊరుకున్నా, ఎంతైనా జనం ఉన్నారు కదా. బట్టలారేసుకునే తాడు కట్టి, ఓడని ఫ్రాన్సు ఒడ్డుదాకా లాక్కెళ్ళి వదిలిపెట్టాం. టీకని మధ్యలో ఒకసారి ఆపాననుకోండి."

జోరీ కుర్చీలో ముందుకి వంగాడు. ఇక దొరికాడనుకున్నాడు. "బావా, మేబెల్ అడుగు రేకుకి ముందు సీట్ల మధ్య నా తలకాయంత చిల్లుంది. తుప్పు తినేసింది. హ్యూగోకి పొద్దున చూపించాను కూడా. అంత చిల్లు పెట్టుకుని సముద్రం ఎట్లా దాటావు?"

"అది తుప్పని ఎవరన్నారు నీకు? ఆ చిల్లు అప్పటికి పడలేదు. దాని కథ తర్వాతది, అక్కడికే వస్తున్నా." డెంజిల్ టీ చప్పరించి కప్పు కింద పెట్టాడు. "ఫ్రాన్సుకీ స్పెయిన్‌కీ మధ్య పెద్ద కొండలున్నాయి కదా, అక్కడికి చేరేసరికి మంచు. ఎంత మంచంటే ఊరి జనం మాట్లాడితే మాటలు గడ్డకట్టి గుమ్మంలో పడుతున్నాయి. పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి కరిగిస్తేగాని వాళ్ళావిడ తిట్టిందో పిలిచిందో తెలియట్లేదు. రొట్టెలు కాల్చేవాడి పొయ్యి కూడా ఆరిపోయింది. మా మేబెల్‌కి ఇంజిను వెనక కదా, ఊరి నడిమధ్య నిలబెట్టి ఇంజిను నడిపాను. రొట్టెలన్నీ దాని మీదే కాలాయి. ముసలివాళ్ళు చేతులు కాచుకున్నారు. గొర్రెలు వరసకట్టి పడుకున్నాయి."

"దీంట్లో వెచ్చటి గాలి వచ్చే ఏర్పాటే లేదన్నారే," అన్నాడు హ్యూగో జోరీ వైపు చూసి.

"లోపలికి రాదు బాబూ. మేబెల్ తన వేడంతా బయటివాళ్ళకే ఇచ్చేస్తుంది. దాని గుణం అది. ఇదిగో ఆ వేడికి ఆశపడి ఒక పోతుమేక బండి కిందికి దూరింది. నాకు తెలియదు. నేను బండి కదిపాను. అది బెదిరి ఒక్క కుమ్ము కుమ్మింది, కుమ్మితే అడుగు రేకు చీల్చుకుని తలకాయ నాకూ లవ్‌డేకీ మధ్య తేలింది. చిల్లు కథ ఇదీ, విన్నావా జోరీ. మేక పైకి రాలేదు, తల కిందికి పోలేదు, కొమ్ములు పట్టేశాయి. కాళ్ళు మాత్రం కింద రోడ్డు మీద. నేను ఇంజిను నడిపితే అది పరిగెత్తేది, అది పరిగెత్తితే ఇంజిను సిగ్గుపడి ఇంకా జోరుగా నడిచేది. ఆ పోటీలో శిఖరం మీదికి ఎట్లా వెళ్ళామో మాకే తెలియదు. వెళ్ళేసరికి ఏమైందో తెలుసా?"

 వ్యాను లోపల పెనం చప్పుడు ఆగింది.

"రోడ్డు అయిపోయింది. ముందు ఏమీ లేదు. కింద మేఘాలు, కనుచూపుమేర తెల్లగా, గుండ్రంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని. చెంచా నిలబెడితే నిలబడే మీగడలా ఉన్నాయి. మేక తెలివైంది, కొమ్ములు విదిలించుకుని దిగిపోయింది. నేను లవ్‌డే వంక చూశాను. 'వెనక్కి తిప్పనా?' అన్నా. 'ఇంతదూరం వచ్చి వెనక్కేమిటి, పోనీ' అంది. పోనిచ్చాను. మేఘాల మీద నడపడం ఏమంత కష్టం కాదు, మెత్తగా ఉంటుంది, బ్రేకులు మాత్రం పట్టవు. దారి తెలియాలి కదా, లవ్‌డే బోర్లా పడుకుని ఆ చిల్లులోంచి కిందికి చూస్తూ చెప్పింది. అదిగో స్పెయిన్, అదిగో సముద్రం, కాస్త కుడికి, ఇంకాస్త. ఆఖరికి మన పోర్త్‌వెన్నా చర్చి కనబడింది. పై కప్పు మెల్లగా దించాను. మా ఇంటి ముందు దిగాం."

"స్పెయిన్‌లో ఆగనే లేదన్నమాట," అంది కెరెన్సా, కాస్త దిగులుగా.

"పైనుంచి చూశాంగా. ఊరు బాగుంది."

అందరూ నవ్వారు. డెంజిల్ నవ్వలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, మోకాళ్ళు టకటకమన్నాయి. హ్యూగో ఎదురుగా నిలబడ్డాడు. "ఇదీ బాబూ మేబెల్. దీనికి తుప్పుంది, చిల్లుంది, కారుతుంది. ఉండనీ. నాకూ ఉన్నాయి, నన్నెవరూ కోసి కాఫీ అమ్మలేదు. నేను నిలబడగలిగినంతకాలం దీని రేకు మీద రంపం పెట్టనివ్వను. లవ్‌డే అమ్ముతానంటే అమ్మనీ, అది ఆవిడ సొత్తు. కానీ నేను లోపల కూచుంటా. నాతో కలిపి కోసుకో."

 హ్యూగో కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అన్నాడు జోరీ. "మన కొండ ఎక్కడానికే ఆపసోపాలు పడే బండి మేఘాలెక్కింది. అక్కా, నువ్వూ ఉన్నావట కదా ఆ మేఘాల మీద. నువ్వే చెప్పు."

లవ్‌డే గుడ్ల పళ్ళెం పట్టుకుని వ్యాను మెట్టు దిగింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, డెంజిల్ ఖాళీ చేసిన కుర్చీలో కూచుంది.

"కొండ సగం ఎక్కాం," అంది. "వెనక గేరులోనే. అంతవరకు నిజం. సగంలో ఇంజిను ఠప్పుమంది. జారుకుంటూ కిందికొచ్చి, గేటు విరగ్గొట్టుకుని పెంగెల్లీ వాళ్ళ కాలీఫ్లవర్ తోటలో పడ్డాం. స్పెయిన్ లేదు, ఓడా లేదు. సెలవంతా ఆ తోటలోనే ఉన్నాం."

జోరీ తొడ చరిచాడు. కెరెన్సా నోరు తెరిచి డెంజిల్ వైపు చూసింది. డెంజిల్ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"అక్కణ్ణించి మా ఇంటి పొగగొట్టం కనబడేది," అంది లవ్‌డే. "మా అమ్మ బజారుకెళ్తూ రోజూ మాకు చెయ్యి ఊపేది. ఇంటికి నడిచిపోదాం, ఎంత, పది అడుగుల పని అన్నాను. ఈ మనిషి వింటేనా. స్పెయిన్ వెళ్తున్నామని ఊరంతా చాటాం, సెలవు అయ్యేదాకా గడప తొక్కేది లేదన్నాడు. పెంగెల్లీ ముసలాయన వచ్చి తోటలోంచి పొమ్మని కేకలేస్తే, చెడినవాటికి బదులుగా మిగతా కాలీఫ్లవర్లన్నీ మేమే కోసిపెడతామని ఒప్పించాడు. కోశాం కూడా. పొద్దున తలుపు తీసి 'లవ్‌డే, ఇవాళ ఏ ఊళ్ళో ఉన్నాం?' అనేవాడు. నాకు తోచిన పేరేదో చెప్పేదాన్ని. పగలల్లా కాలీఫ్లవర్లు కోస్తూ ఆ ఊరి సంగతులు చెబుతూనే ఉండేవాడు. ఇద్దరం ఎన్నడూ చూడని ఊళ్ళు. వాన కారితే గిన్నెలు పెట్టుకునేవాళ్ళం. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పెట్టేవి."

ఆవిడ జోరీ వైపు తిరిగింది. "కిందటేడు నీ బండిలో స్కాట్లండు వచ్చాం కదా. బండి బాగుంది, కాదనను. మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది. వెళ్ళిన దారంతా నువ్వూ మీ ఆవిడా నాలుగు మాటలు మాట్లాడుకోలేదురా. సాయంత్రమైతే టీవీ పెట్టేవాళ్ళు. ఈయన కూడా మూగవాడైపోయాడు. నాకు భయం వేసింది."

జోరీ గుడ్డు ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదక్కా, హ్యూగోని ఇంతదూరం రానిచ్చి?" అన్నాడు నమిలాక.

"ఆయన ఏం చెబుతాడో విందామని," అంది లవ్‌డే. తర్వాత హ్యూగో పళ్ళెంలో రెండు గుడ్లు, రొట్టెముక్క వేసింది. "తిని వెళ్ళు నాయనా, వాన కూడా తగ్గేట్టుంది. మేబెల్‌ని అమ్మం. కాఫీ కొట్టుకి వేరే ఏదన్నా చూసుకో."

హ్యూగో తలూపి తినడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఎవరూ డెంజిల్ వంక చూడలేదు, పాపం సిగ్గుపడుతున్నాడేమోనని. చివరికి కెరెన్సా ఉండబట్టలేక అడిగేసింది. "అయితే మేఘాలు లేవా డెంజిల్? కాలీఫ్లవర్లేనా?"

డెంజిల్ ఇటు తిరిగాడు. మొహంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు.

"పైనుంచి చూస్తే మేఘాలు అచ్చం కాలీఫ్లవర్ తోటలాగే ఉంటాయి కెరెన్సా," అన్నాడు. "ఆవిడ పొరబడిందంటే ఆవిడ తప్పేం లేదు."