ఓబులేసు వస్తాదు మీద ఓబులేసు చెప్పిన తీర్పు

ఓబులేసు వస్తాదని ఒకాయన ఉండె. నేను చెప్పే కతనాటికి ముసలోడైపోయినాడనుకో. మీసం పల్చబడె, కండ కరిగిపాయె, నడుం వంగిపాయె. పెండ్లాం లేదు, పిల్లల్లేరు. వయసులో ఉన్నప్పుడు ఏం చేసేవాడంటే, దస్తగిరి అని ఇంకో వస్తాదు ఉండె, ఇద్దరూ జతగా ఊరూరూ తిరిగి కుస్తీలు పట్టేవాళ్లంట. అదే వాళ్ల సేద్యం. జనం ముందర బద్ధశత్రువులు, ఊరు దాటినాక ఒకే సంగటి ముద్ద చెరిసగం. కుస్తీకి ముందర మన్ను తీసి ఒంటికి రుద్దుకుంటారు కదా, అప్పుడు ఎవుడు ముందు ఎడం భుజానికి రుద్దుకుంటే ఆ పొద్దు వాడు పడాల. అది వాళ్లిద్దరికే తెలిసిన గురుతు. నవ్వొద్దు రంగమ్మా, ఇదేం మోసమనొద్దు. ఎత్తి కుదేస్తే చూసేవాళ్లకు ప్రాణం గొంతులోకి రావాల, పడినోనికి ఒక్క ఎముకా విరగకూడదు. నువ్వొకసారి పడి చూడు, తెలుస్తుంది. ఆ పడే విద్యలో దస్తగిరిని మించినోడు లేడంట. ఓబులేసుకు మొదట్లో పడడం రాదు, దబ్బున పడి రెక్క విరగ్గొట్టుకున్నాడు. దస్తగిరే వానికి నేర్పించినాడు, పడేటప్పుడు వాని తలకాయ కింద తన చెయ్యి పెట్టి కాపాడినాడు. అట్లాంటోడు యాడనో పరాయూర్లో జరమొచ్చి చచ్చిపోతే, ఓబులేసే గుంత తవ్వి పూడ్చినాడంట. ఆ పొద్దు నుంచి వానికి ఒకటే దిగులు. దస్తగిరి ఎంత గొప్పోడో ఒక్కనికీ తెలీకపాయె, నలుగురిలో ఆ మాట ఒక్కసారన్నా చెప్పి చావాల అని.

ఇంగ రాళ్లదొడ్డి సంగతి వినండి. వయసులో ఉండగా వీళ్లు ఏటా దసరాకు ఆ ఊర్లో కుస్తీ పట్టేవాళ్లు. ఓబులేసు తూర్పీధిలో దిగేవాడు, దస్తగిరి పడమటీధిలో దిగేవాడు. ఒక ఏడు వాడు పడితే ఇంకో ఏడు వీడు పడేవాడు. అయితే ఏమైందంటే, ఓబులేసు పడిన ఏళ్లు తూర్పీధోళ్లకు గుర్తుండవు, దస్తగిరి పడిన ఏళ్లు పడమటీధోళ్లకు గుర్తుండవు. ఆఖరుసారి కుస్తీ వానొచ్చి నడమ నిలిచిపాయె. ఆ ఏడే దస్తగిరి చచ్చిపాయె, ఆ సంగతి ఆ ఊరికి తెలీదు, ఓబులేసు మళ్లా ఆ పక్కకు పోలేదు. ముప్పై ఏండ్లు! ఆ ముప్పై ఏండ్లూ ఊరు ఊరంతా ఒకటే వాదన, లోకం పుట్టినప్పటి నుంచి అందర్లోకీ గొప్ప వస్తాదు ఎవురు అని. మొదట్లో ఓబులేసు దూడను ఎత్తినాడన్నారు. పదేండ్లకు ఆ దూడ ఎద్దాయె. ఇంకో పదేండ్లకు ఎద్దు ఏనుగాయె. ఆ ఊరోళ్లు ఏనుగును యాడ చూసినారో నన్నడగొద్దు. పడమటీధోళ్లు ఊరుకుంటారా? మా దస్తగిరికి ఎత్తే పనే లేదప్పా, ఏనుగే దండం పెట్టి పక్కకు తప్పుకునింది అన్నారు. పడమటీధి మంగలి తూర్పీధోని గడ్డం గీయడు, తూర్పీధి కుమ్మరి పడమటీధోనికి కుండ ఇయ్యడు. సగం ఊరికి గడ్డాలు, సగం ఊరికి ఓటికుండలు అనుకో.

తగువు తెగాల కదా. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారంట. దసరానాడు కుస్తీలు నేర్చే గరిడీ కొట్టం కాడ రెండీధులోళ్లూ కూర్చుంటారు, ఆ పొద్దు ఊర్లోకొచ్చిన పరాయోన్ని పట్టుకొచ్చి తీర్పు చెప్పమంటారు. ఊరోడు చెప్తే పక్షపాతం కదా, అందుకు. తీర్పు చెప్పినోనికి గెలిచిన ఈధోళ్లు బతికినన్నాళ్లు కూడు పెట్టాల, గరిడీ కొట్టంలో పడక ఇయ్యాల. బాగానే ఉంది. కానీ ఓడిన ఈధోళ్లు ఊరుకుంటే కదా! ఒక ఏడు గాజులాయన తీర్పు చెప్పి, గాజుల మలారం ఆడనే ఇడిచిపెట్టి ఉరికినాడు. ఇంకో ఏడు సున్నమాయన చెప్పులు ఇడిచిపెట్టి ఉరికినాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అంత వరకు ఆ కూడు తిన్నోడు ఒక్కడూ లేడు.

ఆ ఏడు దసరాకు ఓబులేసు కట్టె పొడుచుకుంటా ఆ ఊరికే వచ్చినాడంట. ఇంగ తిరగలేను, గుర్తు పట్టి ఇంత సంగటి పెడితే ఈడనే పడి ఉంటా అనుకుని వచ్చినాడు పాపం. ఒక్కడన్నా గుర్తు పట్టల్యా. తూర్పీధి పెద్దమనిషి సిద్దారెడ్డి ఎదురొచ్చి, ఏం తాతా, ఏ ఊరు నీది అంటే, నాకు ఏ ఊరూ లేదు నాయనా అన్నాడంట. ఒరేయ్, పరాయోడు దొరికినాడ్రా అని రెక్క పట్టుకుని తీసుకపోయి నులక మంచం మీద కుదేసినారు. సిద్దారెడ్డి మొదలుపెట్టినాడు. మా ఓబులేసు ఏడడుగుల మనిషి తాతా, తొడ కొడితే పక్కూర్లో కుండలు పగిలేవి, ఆయప్ప వీపుకు మన్ను అంటిందే లేదు. ఓబులేసు వంగి తన తొడ చూసుకున్నాడంట. ఎండిన తుమ్మకట్టె మాదిరి ఉంది. పడమటీధి పెద్దమనిషి గంగులప్ప లేచి, మా దస్తగిరి ఒక్క తూరన్నా పడలేదు, పడే జాతే కాదు అన్నాడు. ఓబులేసు గొప్ప అంటే ఆ పొద్దే కడుపునిండా సంగటి. తన పేరు తను చెప్పుకునేదే కదా, నోరు నొప్పా? కానీ ముప్పై ఏండ్లుగా మోసుకొచ్చిన మాట గొంతులోకి వచ్చేసింది.

అయ్యలారా, దస్తగిరే గొప్ప, పడినాడు కాబట్టి గొప్ప అన్నాడంట. మా కుస్తీలన్నీ ముందే అనుకుని పట్టినవే. గెలిచేది ఏముంది, పైన కూర్చుంటే చాలు. ప్రాణం లెక్కచేయకుండా పడేది కష్టం. వాడు వెయ్యి తూర్లు పడినాడు, నాకు పడడం నేర్పినాడు, ఆ మీదట నాకు ఒక్క దెబ్బ తగలనీలేదు. ఓబులేసును నేనే అయ్యా, ఒట్టు! ఇంగ చూడు. మా ఓబులేసువి దొంగ గెలుపులా అని తూర్పీధోళ్లు లేసినారు. మా దస్తగిరి పడినాడంటావా అని పడమటీధోళ్లు లేసినారు. ముప్పై ఏండ్లలో ఆ రెండీధులూ ఒక మాట మీద నిలబడింది ఆ పొద్దేనంట, వీన్ని తన్నాల అని. ఓబులేసు పేరు పెట్టుకునేదానికి ఎన్ని గుండెల్రా నీకు అని తూర్పీధిలో మద్దిలేటి అనే పిల్లవస్తాదు, పోతు మాదిరి ఉంటాడు, ముసలోన్ని నడుం పట్టి తలకాయ మీదికి ఎత్తినాడు. ఎత్తి గరిడీ మన్నులోకి ఇసిరినాడు. ఢామ్మని సద్దు! కొట్టం మీద కాకులు లేసిపోయినాయి. ఆడోళ్లు కండ్లు మూసుకున్నారు. సచ్చినాడ్రా అనుకుంటే, ముసలోడు లేసి పంచె దులుపుకుంటా ఉండాడు. ఒక్క గీత లేదు ఒంటి మీద.

అప్పుడు పడమటీధిలో ఉసేనమ్మ అని, పండు ముసలిది, ఆ కుస్తీలు ఏటా ముందర కూర్చుని కండ్లారా చూసినామె, లేసి అరిచిందంట. ఒరేయ్, నేను వయసులో ఉండగా చూసినాన్రా ఈ పడడం! దస్తగిరి ఇట్లే పడేవాడు, ఇట్ల పడేది వాడొక్కడే! అని. గంగులప్ప ఒక్క గడియ ఆలోచించినాడు. ఒక్క గడియే. ఇంగ రెండు చేతులూ ఎత్తి, చూసినార్రా మా దస్తగిరిని, పడితే వాడే పడాల, మేం మొదట్నుంచీ చెప్పేది అదే కదా అన్నాడంట. ఇప్పుడే కదా సామీ పడే జాతే కాదంటివి! ఎవురడుగుతారు? పడమటీధి అంతా జేజేలు కొడతా ఉంది. నువ్వు దస్తగిరివే కదన్నా, ఓబులేసు పేరు చెప్పి మమ్మల్ని పరీక్ష చేసినావు కదన్నా అని గంగులప్ప కాళ్లు పట్టుకున్నాడు. ఓబులేసు కాదనబోయినాడు. చుట్టూ చూసినాడు. ఈధి ఈధంతా దస్తగిరి, దస్తగిరి అంటా ఉంది. ఆ పేరు అట్ల వినాలనే కదా వాడు అంత దూరం నడిచొచ్చింది. కండ్లలో నీళ్లు తిరిగినాయంట. అవునప్పా, దస్తగిరినే అన్నాడు.

ఆ పొద్దు నుంచి గరిడీ కొట్టంలోనే పడక, పూటకో ఇంటి నుంచి సంగటి, ఊరుబిండి పచ్చడి. అందరినీ కూర్చోబెట్టుకుని పడే విద్య గురించి చెప్పేవాడు. ఓబులేసుకు రెక్క విరిగితే నేనే కట్టు కట్టినా, వానికి పడడం నేర్పింది నేనే అంటే పడమటీధోళ్లు దండం పెట్టేవాళ్లు. అదే మాట ఓబులేసు చెప్తే తన్నినారు, దస్తగిరి చెప్తే నెత్తిన పెట్టుకున్నారు. మాట ఒకటే, నోరూ ఒకటే, చూడండి జనం ఎట్లాంటోళ్లో! తూర్పీధోళ్లు మాత్రం ఆ దావన పోతా ఉమ్మేసి పోయేవాళ్లంట, మా ఓబులేసు ఉంటేనా నీ పని అని. ముసలోడు నవ్వేవాడు. ఉంటే ఏం పీకేవాడప్పా, వాడు నాకు తెలీనోడా అనేవాడు.

ఆరేండ్లకు మంచాన పడినాడు. సిద్దారెడ్డి వచ్చి చెవి కాడ వంగి, పోయేటప్పుడన్నా నిజం చెప్పు, మా ఓబులేసు గొప్పోడని ఒక్క మాట అను, తూర్పీధి అంతా వచ్చి నిన్ను మోస్తాది అన్నాడంట. ముసలోడు కండ్లు తెరిచి, లేదప్పా, దస్తగిరి కాలిగోటికి చాలడు వాడు అన్నాడు. అంతే, ప్రాణం పాయె. పాడె లేచిన పొద్దు తూర్పీధిలో ఒక్క తలుపు తెరవలేదంట. ఈధి ఈధంతా లోపల కూర్చుని ఓబులేసు పేరు మీద టెంకాయలు కొట్టినారు. నవ్వుతారేం? ముప్పై ఏండ్లు ఏ ఓబులేసు కోసమైతే పక్కీధి కుండలో నీళ్లు తాగలేదో, ఆ ఓబులేసు పాడె వాళ్ల ఇంటి ముందర్నుంచే పాయెనే, దానికి ఒక్క భుజమన్నా పెట్టకపాయిరి. ఎవురు గొప్పో తేల్చేదానికి ఉన్నంత ఓపిక, ఎదురుగా ఉన్న మనిషి ఎవురో చూసేదానికి లేకపాయె.