సత్యం అన్నయ్యగారి డీజిల్ బండి

"అమ్మమ్మా, తాతయ్య ఈ పెరట్లోనే పెద్ద కార్లు సర్వీసు చేసేవారంట కదా? మా ఆయన కూడా ఇంట్లోనే చేసుకుందాం, గ్యారేజీ ఎందుకంటున్నాడు. నువ్వేమంటావు?"

నేనేమంటానే పిచ్చిపిల్లా, బండ్ల సంగతి నాకేం తెలుసు. కూర్చో ముందు. ఆ ఫ్యాను కిందకి జరుగు, తిరువూరు ఎండ నీకు అలవాటు తప్పింది. పెద్ద కార్లంటే ఎన్నో కాదులే, ఒక్కటే. సత్యం అన్నయ్యగారిది. మీ తాతయ్య డిపోలో బస్సులు బాగుచేసినాయన కదా, రిటైరయ్యాక ఇంకెవరి బండీ ముట్టుకోనన్నారు. మా తమ్ముడు మోపెడ్ తెచ్చి ఇక్కడ పెట్టినా పట్టించుకోలేదు, వాడికి కోపం కూడా వచ్చింది. ఆ ఒక్క బండి మటుకే.

సత్యం అన్నయ్యగారంటే, అదే, విస్సన్నపేట రోడ్డులో బియ్యం మిల్లు వాళ్లు. ఆయనా మీ తాతయ్యా చిన్నప్పుడు ఒకే బెంచీ. ఆయన షావుకారు బిడ్డ, ఈయన మామూలు ఇంటివాడు, అయినా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లు. మా పెళ్లికి మిల్లు లారీలోనే వచ్చాం మా పుట్టిల్లు వినగడప నుంచి. అప్పట్లో డీజిలు ఎంతుండేదో తెలుసా... ఎంతో ఉండేదిలే, మంచినీళ్ల లెక్కన పోసేవాళ్లు. ఏం చెప్తున్నా? ఆ, బండి.

అరవై దాటాక కొన్నారు అన్నయ్యగారు ఆ బండి. ఫారిన్ కంపెనీది, పేరు నా నోరు తిరగదు. నల్లగా, ఎత్తుగా, గున్న ఏనుగులా ఉండేది. ఎక్కాలంటే నాకు పీట కావాల్సిందే. లోపల తోలు సీట్లు, ఏసీ వేస్తే మేలో కూడా చలి. కుర్రతనం నుంచీ ఆయనకి పెద్ద బండి మీద మోజు, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ అయ్యాక గానీ కుదరలేదు.

మొదట్లో సర్వీసుకి బెజవాడే తీసుకెళ్లేవారు. పెద్ద గ్యారేజీ అంట. అన్నయ్యగారిని అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారంట, బండి లోపలికి పోతుందంట, యజమానిని మటుకు రానివ్వరంట. తిరిగొచ్చి ఇక్కడ అరుగు మీద కూర్చుని గొణుక్కునేవారు, నా బండికి ఏం చేస్తున్నారో నాకే చూపించరేంటిరా రంగా అని. మీ తాతయ్య నవ్వి, గ్యారంటీ అయిపోయేదాకా ఓపిక పట్టు, తర్వాత మన పెరట్లో చేసుకుందాం అన్నారు. అబద్ధమెందుకూ, గ్యారేజీవాళ్లు పని చెడగొట్టారని మీ తాతయ్య ఎప్పుడూ అనలేదు. వాళ్ల దగ్గర మిషన్లు ఉంటాయి, కంప్యూటర్ పెట్టి చూసేవి కొన్ని ఉంటాయి, అవి మనవల్ల కావు, వాటికి అక్కడికే వెళ్లు అనేవారు. నూనె మార్చడం, ఫిల్టర్లు మార్చడం, బ్రేకులు చూడటం, ఇవి మటుకు ఇక్కడ.

గ్యారంటీ అయిపోయిన నెలలోనే మిల్లు మేస్త్రీలు వచ్చి పెరట్లో గొయ్యి తవ్వారు, ఇటుకలు కట్టి. మనిషి దిగి నిలబడి బండి అడుగున పనిచేసుకునేలా. నేను పెద్ద గొడవ చేశానే. అది నేను మిరపకాయలు ఎండబెట్టుకునే చోటు. అన్నయ్యగారే వచ్చి, చెల్లెమ్మా, మిరపకాయలకి మిల్లు డాబా మొత్తం రాసిచ్చేస్తా అన్నారు. 

ఇక సర్వీసు ఉన్న ఆదివారం పొద్దున్నే నాకు పెసలు రుబ్బే పని. మీ తాతయ్యేమో పాత ఖాకీ చొక్కా వేసుకుని గోతిలోకి దిగేవారు. అన్నయ్యగారు తెల్లపంచె ఎగ్గట్టి అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసేవారు. అంత మిల్లుకి యజమాని, బ్యాటరీ లైటు పట్టుకుని స్పానర్లు అందించేవారు. అడుగున ఒక నట్టు ఉంటుంది, అది విప్పితే పాత నూనె నల్లగా బేసిన్లోకి కారుతుంది. అది పూర్తిగా కారేదాకా ఆగాలి. ఆ ఆగడం కోసమే వాళ్లు సర్వీసు పెట్టుకునేవాళ్లేమో అనిపించేది నాకు. ఎవరి కొడుకు ఏం చేస్తున్నాడు, మామిడికి పూత ఎందుకు రాలింది, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. నూనె ఆగిపోయినా మాటలు ఆగేవి కావు. పెసరట్లు చల్లారిపోతున్నాయని నేను అరిస్తే అప్పుడు కొత్త నూనె పోసి, బండి స్టార్టు చేసి, మీ తాతయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవారు. అన్నయ్యగారు ఆయన మొహంలోకి చూస్తూ నిలబడేవారు, పరీక్ష రిజల్టు కోసం చూసినట్టు.

అలా చాలా ఏళ్లు గడిచాయి తల్లీ.

తర్వాత మీ తాతయ్యకి చెయ్యి వణకడం మొదలైంది. కుడి చెయ్యి. ముందు నేను కనిపెట్టింది టీ దగ్గర. గ్లాసు నిండా ఇస్తే సాసర్లోకి ఒలికేది, అందుకని సగమే పోసేదాన్ని. ఆయనా ఎందుకు సగం పోశావని అడగలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. ఎవరైనా వస్తే ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు. బెజవాడ డాక్టరు నరాల జబ్బు అన్నాడు, మాత్రలు రాశాడు, తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలి అన్నాడు. ఈయన బయటకొచ్చి, నీరసమంటలే, అన్నారు నాతో. పక్కనే కూర్చుని విన్నదాన్ని నేను.

అన్నయ్యగారి అబ్బాయి అప్పుడే అన్నాడంట, నాన్నా, మామయ్య పెద్దవాడైపోయాడు, ఇక బండి గ్యారేజీకి ఇద్దామని. ఆయన ఒప్పుకోలేదు. వాడి చెయ్యి పడకపోతే నాకు నా బండి ఎక్కినట్టుండదు అన్నారంట.

ఆ వేసవిలోనే, మామిడికాయలు దిగుతున్న రోజుల్లో, ఒక సర్వీసు చేశారు. మామూలుగానే చేశారు, పెసరట్లు తిన్నారు, అన్నయ్యగారు బండి తీసుకుని వెళ్లారు. అంతే, మళ్లీ ఆ బండి మా గుమ్మంలోకి రాలేదు.

కొన్నాళ్లకి అన్నయ్యగారు ఆటోలో వచ్చారు. మోకాళ్లు నొప్పులురా, ఇంక నడపలేను, అమ్మేశాను అన్నారు. ఈయన, ఒక్క మాట చెప్పలేదేరా అన్నారు. ఏదో తొందరలో కుదిరిపోయింది అన్నారాయన. సరే అనుకున్నాం. కానీ ఊళ్లో ఏదాగుతుంది? టీ కొట్టు దగ్గర ఎవరో ఈయనతో అన్నారంట, మీ స్నేహితుడి బండి లారీ మీద ఎక్కించి బెజవాడ గ్యారేజీకి తీసుకెళ్లారు, అక్కడే అమ్మేశారని. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. నన్ను కాదని గ్యారేజీకి ఇచ్చాడే, ఇచ్చినవాడు ఇచ్చానని చెప్పొచ్చు కదా, మోకాళ్లంటాడేంటి నాతో, అన్నారు.  ఇక అన్నయ్యగారి ఆటో చప్పుడు వినపడితే చాలు, లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నయ్యగారు అరుగు మీద కూర్చుని, నిద్రపోతున్నాడా చెల్లెమ్మా అనేవారు. అవునన్నయ్యా అనేదాన్ని. టీ తాగి వెళ్లిపోయేవారు. మళ్లీ వచ్చేవారు. మళ్లీ నిద్రే.

ఒకరోజు మీ తాతయ్య క్షవరానికి వెళ్లినప్పుడు ఆయన వచ్చారు. నేను ఉండబట్టలేక అడిగేశాను. అన్నయ్యా, మీరు ఇలా చేశారేంటి, మా ఆయన లోలోపల కుమిలిపోతున్నారు అని. ఆయన చాలాసేపు చేతికర్రతో నేల మీద గీతలు గీశారు. తర్వాత చెప్పారు.

ఆ సర్వీసు అయ్యాక భార్యని తీసుకుని నెమలి ఊరు వెళ్తున్నారంట, వేణుగోపాలస్వామి దర్శనానికి. దారిలో స్టీరింగు ముందు ఎర్రలైటు ఏదో వెలిగిందంట. ఆమె బెల్టు పెట్టుకోలేదని వెలిగిందేమో అనుకుని అలాగే పోయారంట. ఇంకొంత దూరం పోయాక లోపల ఇనుము ఇనుమును కొరికినట్టు చప్పుడై బండి ఆగిపోయింది. దిగి చూస్తే వెనకాల రోడ్డంతా నూనె. వంగి చూస్తే అడుగున ఆ నట్టు లేదు.

"బిగించడం మర్చిపోలేదమ్మా వాడు," అన్నారు అన్నయ్యగారు. "బిగించాడు. నేను లైటు పట్టుకుని చూశాను. కానీ ఆ చేతిలో బలం చాల్లేదు. అది వాడికి తెలియదు."

నూనె లేక ఇంజను పూర్తిగా బిగుసుకుపోయిందంట. గ్యారేజీవాళ్లు ఎవరు చేశారండీ ఆఖరి సర్వీసు అని అడిగితే, నేనే చేసుకున్నా అన్నారంట. అందరి ముందూ కొడుకు చేత మాటలు పడ్డారు. ఇంజను మార్చే బదులు ఉన్నదున్నట్టు అమ్మేయడం నయమని కొడుకు అమ్మేశాడు. రంగాకి చెప్పొద్దు చెల్లెమ్మా, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ, అని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

ఎలా ఉంటుందో చెప్పు. ఒకవైపు ఈయన మంచంమీద గోడవైపు తిరిగి ఉంటారు, ఒకవైపు ఆ మనిషి అరుగు మీద. మధ్యలో నేను టీ గ్లాసులు పట్టుకుని. నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. వానాకాలమంతా అలాగే వెళ్లింది.

మరి ఎందుకు చెప్పానంటావా. పక్క వీధిలోకి కొత్తగా ఒక బ్యాంకు అబ్బాయి అద్దెకొచ్చాడు, భార్య, చంకలో పిల్ల. కారు బ్రేకులు అరుస్తున్నాయంట, ఎవరో మీ తాతయ్య పేరు చెప్పారు. ఎవరి బండీ ముట్టుకోనన్న మనిషి, తీసుకురా బాబూ, రేపు చేసి పెడతా అన్నారు. నాకు అర్థమైంది. నువ్వు కాదంటే నాకు బండ్లే లేవా అని అన్నయ్యగారికి చూపించాలి. గ్యారేజీవాళ్లు ఊరికే భయపెడతారు, ఇదేం పెద్ద పని కాదు, అని కూడా అన్నారు ఆ కుర్రాడితో. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది, చంకలో పిల్ల ఆమె గాజులతో ఆడుకుంటోంది. బ్రేకులే, తల్లీ.

వాళ్లు వెళ్లాక తలుపేసి ఆయన పక్కన కూర్చున్నాను. కోపంగా చెప్పలేదు, మెల్లిగానే చెప్పాను. నట్టు సంగతి, నెమలి రోడ్డు, అన్నయ్యగారు తన మీద వేసుకున్నది, అంతా. మధ్యలో ఆపలేదు ఆయన. అయిపోయాక కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది వణుకుతూనే ఉంది. దాచుకోలేదు ఆ పూట.

పొద్దున్నే ఆ అబ్బాయి కారు తెచ్చాడు. ఈయన గేటు దాకా వెళ్లి, "నావల్ల కాదు బాబూ, గ్యారేజీకి తీసుకెళ్లు. ఈరోజే తీసుకెళ్లు," అన్నారు. ముప్పై ఏళ్లు డిపోలో చేసిన మనిషి. ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

తర్వాత లోపలికొచ్చి చొక్కా నా చేతికిచ్చారు. గుండీలు పెట్టు, సత్యం దగ్గరికి పోదాం అన్నారు. తలుపేసుకోలేదు. ఆటోలో మిల్లుకి వెళ్లాం. అన్నయ్యగారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు, ఈయన వైపు చూశారు, నా వైపు చూశారు. తెలిసిపోయింది ఆయనకి. నా మీద కోపం వచ్చింది, ఆ చూపు నేను మర్చిపోలేను.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నారు ఈయన.

"చెబితే నువ్వు మళ్లీ స్పానరు పట్టుకోవు కదరా."

ఈయన తలూపి కుర్చీలో కూర్చున్నారు. టీ తెప్పించారు. గ్లాసు అన్నయ్యగారే పట్టుకుని తాగించారు, ఈయన తాగారు. మిల్లు చప్పుడులో వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. నేను బస్తాల దగ్గర కూర్చున్నాను.

మంచే జరిగిందంటావా? నాకు తెలియదే. మాటలు కలిశాయి, అది నిజం. అన్నయ్యగారు రోజూ వచ్చేవారు, గోడవైపు తిరిగి పడుకునే పని లేదు. కానీ మీ తాతయ్యకి తన చేతుల మీద నమ్మకం పోయింది. గ్యాస్ కట్టేశావా అనేవారు, పంపు కట్టేశావా, గేటు గడియ పడిందా చూడు, మళ్లీ చూడు. తను వేసిన గడియే నన్ను లేపి చూడమనేవారు. అది నేను చేసిన పనేగా. ఆ పిల్ల ప్రాణం గురించి ఆలోచిస్తే చెప్పడమే సరి. ఈయన మొహం చూస్తే... ఏమో.

ఏడాది తిరక్కుండానే మంచాన పడ్డారు. ఆఖర్లో మాట కూడా ముద్దగా వచ్చేది, నాకే సగం అర్థమయ్యేది కాదు. అన్నయ్యగారికి అర్థమయ్యేది. పోవడానికి ముందు రోజు, అన్నయ్యగారు మంచం పక్కన కూర్చుని ఉంటే, కళ్లు తెరిచి ఏదో అడిగారు. నేను వంగి విన్నాను. బిగించావా అంటున్నారు.

అన్నయ్యగారు ఏ నట్టు, ఏ బండి అని అడగలేదు. ఆ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, "బిగించాన్రా. లైటు పెట్టి చూశాను. గట్టిగా ఉంది," అన్నారు.

అప్పుడు కళ్లు మూసుకున్నారు మీ తాతయ్య.

ఛ, ఏడవకే. నువ్వడిగిందేంటి, నేను చెప్పిందేంటి. ఇంట్లో చేసుకుంటారో గ్యారేజీకి ఇస్తారో అది మీ ఇష్టం తల్లీ, నేను చెప్పేంత దాన్ని కాదు. నువ్వూ మీ ఆయనా పిల్లాపాపలతో చల్లగా ఉండండి. ఇద్దరికీ అన్నయ్యగారిలాంటి మనిషి ఒకరైనా దొరకాలి. దొరికితే చాలు... ఆ, మరి దొరకాలి కదా.