పచ్చసారు నమ్మిన నీళ్ళు

సముద్రం వాసన బాగుందా, అమ్మడూ? ఆ, పీల్చు పీల్చు. ఉప్పు వాసననుకుంటున్నావు కదూ? ల్యాబులో సీసాలు కడిగే పనిలో చేరేదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా పచ్చసారు నవ్వేవాడు. "ఉప్పుకి వాసనెక్కడిదోయ్! ఇంటికెళ్ళి ఉప్పుడబ్బా మూత తీసి చూడు" అనేవాడు. నిజంగానే తీసి చూశా. మీ అమ్మమ్మ "ముక్కు పెట్టి మరీ ఏంటా పాడలవాటు" అని డబ్బా లాక్కుంది. ఎక్కడున్నాను? ఆ, పచ్చసారు. అసలు పేరుతో ఎవడు పిలిచాడులే! చొక్కా జేబు పచ్చ, గోళ్ళు పచ్చ. నాచు పెంచేవాడు. బండల మీద కాలు జారేది కాదే, కంటికి ఆననిది. ఒక్క చుక్కలో వేలకు వేలుంటాయి, మనకి మాత్రం నీళ్ళు లేతపచ్చగా కనపడతాయి, అంతే. సముద్రంలో గంధకం కరిగి ఉంటుందట. ఈ నలుసులు దాన్ని లాక్కుని ఒళ్ళు కట్టుకుంటాయట. ఇంకొంత గంధకంతో ఏదో సరుకు చేసి లోపల దాచుకుంటాయట, చుట్టూ ఉన్న ఉప్పుకి వడిలిపోకుండా. అవి చచ్చినప్పుడో, ఏ పురుగో తిన్నప్పుడో ఆ దాచుకున్నది బయటపడి, విరిగి, గాల్లోకి లేస్తుంది. నువ్విందాక పీల్చింది అదే. ఇదంతా నాకెందుకు చెప్పేవాడో! నేను సీసాలు కడుగుతుంటే వెనకాల నిలబడి చెబుతూనే ఉండేవాడు.

ఆయనది ఒక రకం నాచు. పడవలో తిరిగి తెచ్చుకున్న ఒక్క చుక్కని పదకొండేళ్ళు పెంచాడు. ఇంకెక్కడా లేదది. ప్రతి సోమవారం పాత సీసాలోంచి చెంచాడు తీసి కొత్త నీళ్ళలో వెయ్యాలి, లేకపోతే చస్తుంది. జ్వరమొచ్చినా మఫ్లరు చుట్టుకుని వచ్చేవాడు. వాళ్ళావిడ "నేను పెళ్ళాన్నో, ఆ సీసా పెళ్ళామో" అనేది. ఆ కొత్త నీళ్ళు కలిపేది ఎవరనుకున్నావు? నేనే. ఉప్పులన్నీ తూకం వేసి, కరిగించి, సముద్రం నీళ్ళలా చెయ్యాలి. ఒకసారి మెగ్నీషియం సల్ఫేటు డబ్బా అడుగంటింది. స్టోరు గుమాస్తా సెలవు. పక్కనే మెగ్నీషియం క్లోరైడు నిండుగా ఉంది. అదీ మెగ్నీషియమే, ఇదీ మెగ్నీషియమే, తెల్లగానే ఉంది, కరుగుతోంది. ఆ రోజు మీ అమ్మకి బళ్ళో పాటల పోటీ, నాకు తొందర. వేసేశా. మూడు వారాలకి సరిపడా నీళ్ళు. గంధకమంతా ఆ సల్ఫేటులోనే ఉందని నాకేం తెలుసు! కాదులే, తెలుసు. వందసార్లు చెప్పాడు ఆయన. విన్నానంతే, బుర్రకెక్కించుకోలేదు.

మొదటివారం బాగానే ఉంది, పాత నీళ్ళలోని గంధకం కాస్త వెళ్ళింది కాబట్టి. రెండోవారం పసుపు తిరిగింది. ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. దీపాలు మార్చాడు, సీసాలన్నీ మళ్ళీ కడిగించాడు, తన చేతులే పాడు చేస్తున్నాయేమోనని సబ్బుతో రుద్ది రుద్ది తోలు ఊడగొట్టుకున్నాడు. మూడోవారానికి ఒక్క సీసా మిగిలింది, ఎండుగడ్డి రంగులో. స్టూలు మీద కూర్చుని దాన్ని దీపానికెత్తి చూసి, "గంధకం అందనట్టుందోయ్" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. అంతలో ఆయనే తల అడ్డంగా ఊపాడు. "ఛ, అదెలా? నీళ్ళు కలిపింది నువ్వు కదా!" చూశావా? సరిగ్గా పట్టుకుని, నా మీద నమ్మకంతో వదిలేశాడు. ఒక్క మాట చాలు. ఆ సల్ఫేటు ఉప్పు చిటికెడు వేస్తే సీసా బతికేదే. ఉద్యోగం ఊడుతుందని భయం. పొద్దున్నే ముందొచ్చి గుట్టుగా వేసేద్దాం, ఎవరికీ తెలియదు అనుకున్నా. మర్నాడు స్టోర్లోంచి ఆ ఉప్పు కాగితంలో పొట్లం కట్టుకుని పరిగెత్తా. ఆయన అప్పటికే వచ్చేశాడు. ఆవిరి డబ్బా మూత తీస్తున్నాడు. పెద్ద ప్రెషర్ కుక్కరు లాంటిదిలే. లోపల ఆ సీసా. "ఏదో తెగులు పట్టింది. పక్కగదిలో వాళ్ళ నాచుకి అంటుకుంటే పాపం కదా, ఉడకబెట్టేశానోయ్" అన్నాడు. పొట్లం నా పిడికిట్లోనే ఉంది.

ఏంటలా చూస్తావు? కోపమొచ్చిందా? రావాలి. నాకూ నా మీద ఇప్పటికీ పోలేదు. తన అశ్రద్ధ వల్లే పోయిందని ఆయనే కాగితం మీద రాసిచ్చి మానేశాడు. రెండేళ్ళు కూడా బతకలేదు. వెళ్ళేరోజు నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. చెప్పేద్దామనే నిలబడ్డా, తల్లీ, నీ మీద ఒట్టు. ఆయనే ముందన్నాడు. "అన్నిటినీ అనుమానించానోయ్, చివరికి నా చేతుల్ని కూడా. నీ నీళ్ళని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు." నేను... "వెళ్ళిరండి సార్" అన్నా. అంతే అన్నా.

అవునూ, నువ్వు భోంచేశావా?