పన్నెండు ఖాళీ మంచాలకు కాపలా కాసిన నర్సింగ్ గారు

2003 మార్చి పన్నెండవ తేదీన ఈ ఎడారి దేశపు నగరంలో, అల్ మన్సూరా పేటలోని మన సైనిక వసతిగృహంలో శ్రీ నర్సింగ్ గారు పక్కలు సర్దే ఉద్యోగంలో చేరారు. ఎడారి శిబిరాల నుంచి నాలుగు రోజుల సెలవుపై నగరానికి వచ్చే విదేశీ సిపాయిలకు హోటళ్ళు అందుబాటులో లేని ఆ కాలంలో, హోదా ఎంత చిన్నదైతే అద్దె అంత తక్కువగా ఉండాలన్న సదాశయంతో ఆరంభమైన సంస్థ మనది. ఆ సదాశయం పక్కలు సర్దినవారి దాకా రాలేదు. నర్సింగ్ గారు పందొమ్మిదేళ్ళూ కార్మికుల క్యాంపులో ఎనిమిది మంది గదిలో పై మంచం మీదే పడుకున్నారు.

2011లో కౌంటర్ బాధ్యత స్వీకరించిన నాటి నుంచి, ఎడారి శిబిరాల సైనిక కార్డు బల్ల మీద పెట్టనిదే దుప్పటి చేతికివ్వరాదన్న నియమాన్ని ఆయన నిష్ఠతో పాటించారు. కార్డు మరచి వచ్చిన ఒక అధికారిని సైతం వాకిట్లో నిలబెట్టారు. యాజమాన్యం మెచ్చుకుంది, ఆయన పొంగిపోయారు. ఆ మెప్పే కొంప ముంచింది.

2021 ఆగస్టులో ఆయన తమ్ముడు జలంధర్ గారు, మన దేశ సరిహద్దుల్లో పదిహేడేళ్ళు జవానుగా పనిచేసి, ఇక్కడ ఇంకా కడుతున్న అల్ తుమామా స్టేడియం గేటు కాపలాకు వచ్చారు. కంపెనీ క్యాంపులో గది సిద్ధం కాకపోవడంతో ట్రంకు పెట్టెతో నేరుగా అన్న కౌంటర్ దగ్గరికి చేరారు.

"అన్నా, నేను గూడ సిపాయినే గద. రెండు దినాలు పండుకుంటే ఏమైతది?"

"నీ కార్డు ఈడ నడ్వది తమ్మీ. రూలంటే రూలే."

ఆనాడు పన్నెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. జలంధర్ గారు సైటు షెడ్డులో అట్టపెట్టెల మీద పడుకుని, వడదెబ్బతో ఆసుపత్రి పాలయ్యారు. చూడబోయిన అన్నతో, "అవ్వ సచ్చినంక నువ్వే దిక్కనుకున్న" అని ముఖం తిప్పుకున్నారు. ఆ పిమ్మట మాట్లాడలేదు.

ఏడాది తిరిగేసరికి, ప్రపంచకప్ చూడవచ్చే ఫుట్‌బాల్ అభిమానులకు గదులు కావలసివచ్చాయి. ఇకపై ఎవరినీ కార్డు అడగవద్దని ఒక్క కాగితంతో ఉత్తర్వు వచ్చింది. నర్సింగ్ గారు ఆ కాగితం పట్టుకుని మేనేజర్ రామకృష్ణారావు గారి గదికి వెళ్ళారు.

"సార్, మరి ఆ రోజు మా తమ్మున్ని ఎందుకు ఎల్లగొట్టినట్టు నేను?"

"నన్ను అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి కదా నర్సింగ్. నువ్వే అడగలేదు."

నిజంగా ఇచ్చేవారో లేదో దేవుడికే తెలియాలి. అడగని మాట మాత్రం నిజమే. అదే ఆయన్ని తినేస్తోంది.

ఈ అక్టోబరు ముప్పై ఒకటిన విరమిస్తున్న ఆయన సన్మానానికి జలంధర్ గారిని ఆహ్వానించాము. డ్యూటీ ఉందని కబురు పంపారు. శ్రీ నర్సింగ్ గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు కలగాలని మనసారా కోరుతున్నాము. తమ్ముడి నోట మళ్ళీ అన్నా అనిపించుకోవడానికి అన్నేళ్ళూ కావలసిరావచ్చు.