అతుకెరగని జోడు

జోన్ అమ్మా, బీరు నిండుగా పొయ్యి, నేను నురగ తాగడానికి రాలేదు. ఇదిగో అబ్నరూ, నువ్వా బల్ల చివర కూర్చో. నీ కొడుక్కి మా మనవరాలు కెజయాని అడగడానికొచ్చావని ఊరంతటికీ తెలుసు, నా జవాబు కూడా ఊరంతా విననీ. నువ్వు పాతజోళ్లకి అతుకులేసే కాబ్లరువి. నేను కొత్తతోలు కోసి జోడు కుట్టే కార్డ్‌వైనర్ని. మీరు కొత్తతోలు ముట్టకూడదు, మేం పాతజోడు తిరగేసైనా చూడకూడదు, అది తాతలనాటి కట్టుబాటు. మీ నాన్న సంతలో కొత్తతోలు కోస్తూ దొరికాడు, నేనింకా మరిచిపోలేదు.

"ఆయన పోయి ఎన్నాళ్లైంది, ఒబడయా తాతా!" అంది జోన్.

పోతే పోయాడు, తోలు కోశాడా లేదా?

నాకు అక్షరాలు నా పేరు దాకానే వచ్చు. అయినా కార్డ్‌వైనర్ అన్న మాట ఎక్కడ పుట్టిందో మన పాదిరీ కన్నా నాకే బాగా తెలుసు. స్పెయిన్‌లో కొర్డోబా అని ఊరు. ఆ ఊరి మేకతోలుతో కుట్టేవాళ్లం గనక ఆ ఊరిపేరే మా పనికి పేరైంది. ఎలా తెలుసంటారా? వెళ్లొచ్చాను గనక. ఈ కాళ్లకున్న జోడుతోనే!

మొదట మన వాగు పొంగినప్పుడు మోకాల్లోతులో దాటాను, మేజోడు తడవలేదు. సరే చూద్దామని మెడలోతుకి దిగాను, తడవలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"మునిగావు," అన్నాడు పీపాలు చేసే గిల్బర్ట్.

నీ పీపా అయితే మునిగేది! నేను వాగు అడుగునే నడిచి సముద్రంలోకి, సముద్రం అడుగునే స్పెయిన్‌కి...

"మరి ఊపిరో?"

మంచి జోడుంటే ఊపిరితో పనేముందిరా? తిమింగలం ఒకటి అడ్డమొచ్చి, నా కాళ్లకేసి చూసి, 'తమరు దయచెయ్యండి' అని పక్కకి తప్పుకుంది. కొర్డోబాలో మేకలు బారులు తీరాయి. ఓ ముసలి మేక నా జోడు నిమిరి, 'మా ముత్తాత బతికున్నప్పుడు కూడా ఇంత అందంగా లేడు బాబూ' అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్కడి రాజు సింహాసనం దిగి, ఆ జోడు ఇస్తే గద్దె నీదే అన్నాడు. ఇస్తానా? మళ్లీ సముద్రం కిందుగానే ఇంటికొచ్చి మేజోళ్లు దులిపితే దుమ్ము రాలింది! అదీ కార్డ్‌వైనర్ కుట్టంటే. అతుకెరగని జోడు. అతుకులవాడింటికా నా మనవరాలు?

అబ్నర్ చెంబు కింద పెట్టాడు. "తాతా, ఎడమకాలి జోడు ఓసారి విప్పి తిరగెయ్యండి."

తిరగేశాను. నాకేం భయం?

"ఆ అడుగున అతుకు నాది. చిల్లి పడితే మీరు ముట్టకూడదు, నన్ను అడగరు. తడికాళ్లతో దగ్గుతున్నారని, మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కెజయా ఈ జోడు సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చేది. పనయ్యేదాకా మావాడితో మాట్లాడుతూ కూర్చునేది. అట్లా కలిశారు వాళ్లు."

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టడానికి ఎవరో ఒకరు దొరికేవాళ్లు. అతుకు మీద బొటనవేలు రాశాను. సన్నటి కుట్టు, దారానికి మైనం బాగా పట్టించాడు. వంక పెడదామని చాలాసేపు వెతికాను.

"మరి సముద్రం, తాతా?" అన్నాడు గిల్బర్ట్ మెల్లగా.

సముద్రం సముద్రమేరా! దాటించింది మాత్రం ఈ అతుకని తేలింది, అంతే.

అబ్నరూ, మీ నాన్న కోసిన తోలు సంగతి మాఫీ అయిందనుకోకు. కుడికాలిది కూడా ఈమధ్య చెమ్మగిల్లుతోంది. రేపు కెజయా చేత పంపిస్తాను, పట్టపగలే. పెళ్లికి చర్చి దాకా నడవాలిగా.