ఇస్త్రీపెట్టె పట్టిన చెయ్యి

ఫ్యాను ఆపేసిన గదిలో ఆమె చెమటలు కక్కుతూ, ఇస్త్రీ కొట్టు నడిపే భర్త కుడిచేతికి మందు రాస్తోంది. ఆయనకి స్ట్రోకు వచ్చి నెలైంది. కొట్టు మళ్ళీ తెరిచింది ఈ ఉదయమే.

“ఇంత బొబ్బ లేస్తుంటే తెలియలేదా?”

“కాలిన వాసనొచ్చింది. చొక్కా అనుకుని హడలిపోయాను.”

“చొక్కా నిక్షేపంగా ఉంది. కాలింది మీరు.”

“నయమే. చొక్కా అయితే తిట్లు పడేవి.”

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చినందుకు ఒళ్ళు మండింది.

“ఉడికిపోతున్నాను. కాసేపు ఫ్యాను వెయ్యనా?”

“వద్దే. గాలి తగిలితే ఎడమ చెంపకి కారం పూసినట్టుంటుంది.”

“ఇటు నిప్పు తెలీదు, అటు గాలి పడదు! ఇదెక్కడి చోద్యమండీ?”

“మెదడు కింద ఆవగింజంత చోట రక్తం ఆగిందట. డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. అర్థమైనట్టు తలూపాను.”

“రేపట్నుంచి పెట్టె నేను పడతాను.”

“నువ్వా? నీకు దుప్పటి మడతే తిన్నగా రాదు.”

“నాకు వేడి తెలుస్తుంది.”

ఆయన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

“ముప్ఫయ్యేళ్ళు ఈ చెయ్యి ఇస్త్రీపెట్టెకి దగ్గరగా పెట్టి, వేడి పట్టుకి చాలు, నూలుకి చాలదు అని చెప్పేవాణ్ణి.”

“తెలుసు.” ఆమె ఆ చేతిని బొబ్బ తగలకుండా తన చేతుల్లోకి తీసుకుంది. “ఇది తెలుస్తోందా?”

“పట్టుకున్నావని తెలుస్తోంది.” మళ్ళీ ఆయనే అడిగాడు. “వెచ్చగా ఉందా?”

“ఉందండీ.”

“సరే, ముందు దిండు గలీబులు చెయ్యి. చొక్కాలు తర్వాత నేర్పిస్తాను.”